నోరు తెరిచిన సిపాయిలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. నేను సిపాయి బొమ్మలకు రంగులు వెయ్యడం మొదలుపెట్టింది కూడా కోపంతోనే. 2009లో మా ఆడపడుచు కొడుకు పుట్టినరోజుకని సుల్తాన్ బజార్‌లో ఒక ప్లాస్టిక్ సిపాయిల పొట్లం కొన్నాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఒక్కడికీ మొహం సరిగ్గా లేదు. కళ్లు నుదుటి మీదికి పోయాయి, మీసం చెంప మీదికి జారింది. దేశాన్ని కాపాడే వాళ్లకు ఇంత అన్యాయమా అనిపించింది. పిల్లవాడికి మిఠాయి డబ్బా ఇచ్చి సరిపెట్టి, సిపాయిల్ని నా దగ్గరే ఉంచుకున్నాను. మొహాలు తుడిచేసి మళ్లీ వేశాను. వేసింది నచ్చక ఇంకోసారి వేశాను. అలా మొదలైంది ఈ పిచ్చి.

చేతిలో పని లేక పట్టిన పిచ్చి కాదిది. అప్పటికి చాలా ఏళ్లుగా నేను నారాయణగూడలో ఒక డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పళ్ల డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చులు తీసి మాకు పంపుతారు. మేం వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో పళ్లు చెక్కి, కట్టుడు పళ్లు తయారు చేసి తిరిగి పంపుతాం. మా దగ్గరికి నోళ్లు వస్తాయి తప్ప మనుషులు రారు. ఒక పన్ను రంగు పక్క పన్ను రంగుతో కలవకపోతే డబ్బా మొత్తం వెనక్కొస్తుంది. అందుకని రకరకాల తెలుపుల పళ్లు వరసగా అతికించిన పలక ఒకటి ఎప్పుడూ ముందు పెట్టుకుని కూర్చుంటాం. తెలుపంటే ఒక్కటే అనుకునే వాళ్లను చూస్తే నాకు అప్పట్నుంచే జాలి.

మేం ఉండేది అశోక్‌నగర్‌లో, కిరాయి ఇంట్లో, మూడో అంతస్తులో. మా ఆయనకు చిక్కడపల్లిలో స్టేషనరీ దుకాణం. అమ్ముడుపోని సరుకంతా మా బాల్కనీలోకి చేరేది. ఆ కట్టల్ని ఒక పక్కకు తోసి, పాత కుట్టుమిషన్ బల్లను నా పనిబల్ల చేసుకున్నాను. ఆదివారం ల్యాబ్ ఉండదు కాబట్టి పొద్దున్నే వంట ముగించి అక్కడ కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేచేదాన్ని. మా ఆయన మాట్లాడేవాడు కాదు. అత్తమ్మ మాత్రం మాట్లాడటం ఆపేది కాదు. ముగ్గుల మీద ఉండాల్సిన శ్రద్ధ వేలెడు లేని బొమ్మల మీద పోతోందని ఆమె బాధ.

హిమాయత్‌నగర్‌లో నేను రంగులు కొనే కొట్లో ఒక కాగితం అంటించి ఉంటే చూసి, ఈ పని చేసేవాళ్ల క్లబ్బు ఒకటి ఊళ్లో ఉందని తెలుసుకున్నాను. నారాయణగూడలోనే ఒక బడి గదిలో కలుసుకునేవాళ్లు. అందరూ మగవాళ్లే. బ్యాంకు వాళ్లు, ఇంజనీర్లు, ఒక చెవి డాక్టరు. సిపాయిని ఊరికే నిలబెట్టకుండా చుట్టూ నేల, రాళ్లు, గుడారం, ఆకాశం తప్ప మిగతావన్నీ కట్టి, ఒక పీట మీద నిజమైన చోటును చూపించడాన్ని డయోరమా అంటారని నాకు అక్కడే తెలిసింది. నేను కూర్చుంటే వాళ్లు కాసేపు మాటలు తగ్గించేవాళ్లు. తర్వాత నేనున్నానన్న సంగతే మర్చిపోయి మాట్లాడుకునేవాళ్లు. రెండోదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది.

ఏడాదికోసారి ఒక ఫంక్షన్ హాల్లో వాళ్ల పోటీ జరిగేది. హాల్లో మూడు బల్లలు వేసేవాళ్లు. మధ్యలో పెద్ద లైట్ల కింద సీనియర్ల బల్ల. పక్కన కొత్తవాళ్ల బల్ల. చెప్పులు విడిచే చోట, తలుపు పక్కన, చేతిపనుల బల్ల. ఈ మూడోదానికి పోటీ లేదు, బహుమతి లేదు. సభ్యుల ఇళ్లలో ఆడవాళ్లు చేసిన పూసల దండలూ, గుడ్డ బొమ్మలూ అక్కడ పెట్టేవాళ్లు. వచ్చినవాళ్లు చెప్పులు వేసుకుంటూ వాటిని చూసేవాళ్లు.

2010 పోటీకి నేను కొత్తవాళ్ల బల్ల మీద పెట్టడానికి ఒక మంచుకొండ కట్టాను. కొండ మీద చిన్న కాపలా పోస్టు, దాని ముందు ఐదుగురు సిపాయిలు. ఒక్కొక్కడు నా బొటనవేలంత ఉంటాడు. మంచును నేను ఎప్పుడూ చూసింది లేదు. నాకు తెలిసిన మంచల్లా చెరుకురసం బండి మీద గోనెపట్టా కప్పిన దిమ్మే. అయినా ధైర్యం చేశాను. బొగ్గుముక్కను అచ్చు తీసి ప్లాస్టర్‌తో రాళ్లు పోశాను. సిపాయిల కోట్ల మడతల్లో నీడలు వేశాను. గుండీలు కూడా వేశాను. చివరికి మంచు దగ్గర ఆగిపోయాను. ల్యాబ్ ప్లాస్టర్ చల్లితే సున్నం కొట్టినట్టుంది. దూది పెడితే ఆసుపత్రిలా ఉంది. అప్పుడు వంటింటి గడప పక్కనున్న అత్తమ్మ ముగ్గుపిండి డబ్బా కనిపించింది. వేళ్లతో పట్టి చూస్తే మెత్తగా, పొడిపొడిగా, జల్లిన చోట నిలుస్తూ ఎంత బాగుందో చెప్పలేను. జిగురు మీద ఒక పొర, దాని మీద తాజాగా కురిసినట్టు కనపడాలని ఇంకో పొర పొడిగా చల్లాను. నిజంగానే మంచు కురిసింది.

పోటీ రోజు జడ్జీగా ఒక రిటైర్డ్ మేజరుగారు వచ్చారు. కవాడిగూడ ఆయన. మంచుకొండల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చారని అందరూ చెప్పుకున్నారు. మెడలో తాడుకు కట్టిన భూతద్దం వేలాడేది. కొత్తవాళ్ల బల్ల దగ్గరికొచ్చి నా కొండ మీదికి వంగారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఒక సిపాయి బూట్ల మధ్య నుంచి చీమ ఒకటి బయటికొచ్చింది. దాని నోట్లో తెల్లటి గింజంత మంచు ఉంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక వరస. బల్ల కాలు పట్టుకుని పైకెక్కిన చీమలు నా కొండ మీది మంచునంతా మోసుకుపోతున్నాయి. కొండ అప్పటికే సగం బోడి అయింది.

ముగ్గుపిండిలో అత్తమ్మ బియ్యప్పిండి కలుపుతుందని నాకు తెలియక కాదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. కానీ ఆ ఆదివారం నా కళ్లకు అది పిండిగా కనిపించలేదు, మంచుగానే కనిపించింది.

క్లబ్బు సెక్రటరీ ఒక బ్యాంకు ఆఫీసరు. ప్రతి ఏడూ సీనియర్ల బల్ల మీద బహుమతి ఆయనకే. పోస్టు మీద శత్రువుల దాడి మొదలైందని ఆయన అనగానే హాలంతా నవ్వు. మేజరుగారు మాత్రం నవ్వలేదు. వేలితో చీమల్ని పక్కకు జరిపి, సిపాయిల మొహాలు ఒక్కొక్కటే భూతద్దంతో చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మా, చేతిపని మంచిగుంది. కానీ గంత ఎత్తుల ముక్కుతోని ఊపిరి సరిపోదు. నోరు తెరుస్తనే బతుకుతరు. నీ సిపాయిలందరు నోరు మూసుకొని ఫొటోకు నిలబడ్డరు."

చీమలకంటే ఆ మాట నన్ను ఎక్కువ కుట్టింది. రోజంతా జనం నోళ్లతోనే పనిచేసేదాన్ని నేను. ఐదుగురు మనుషుల్ని చేసి ఒక్కడికీ నోరు తెరవలేదు.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే సెక్రటరీ దగ్గరికొచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. ఆయన మర్యాద వింటే నాకు పళ్లు నూరాలనిపిస్తుంది.

"పరేషాన్ గాకండి మేడం. వచ్చేసారి నుంచి చేతిపనుల బల్ల మీద పెట్టుకోండి. ఆడ పోటీ లేదు, పరేషానీ లేదు."

నా వెనక ఎవరో చీమల మేడం అన్నారు. ఆ పేరు క్లబ్బులో స్థిరపడిపోయింది. కొండను గుడ్డలో చుట్టుకుని ఆటో ఎక్కాను. ఆటోలో, నాకు తోడొచ్చిన మా ఆయనతో ఒక మాట చెప్పాను. మళ్లీ ఆ హాల్లోకి వెళ్తే నా బొమ్మ సీనియర్ల బల్ల మీదే ఉంటుంది, అక్కడ గెలుస్తుంది, లేదంటే బాల్కనీ మొత్తం ఆయన నోటుపుస్తకాల కట్టలకు రాసిచ్చేస్తాను అని. ఆయన కట్టలకు చోటు దొరుకుతుందన్న ఆశ ఏ కోశానా చూపించలేదు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

ఇంటికొచ్చి అత్తమ్మకు జరిగిందంతా చెప్పాను. కొంచెం నిష్ఠూరంగానే చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది.

"చీమలు తినాలెననే గద పిండి కలిపేది. పుణ్యమంత నీకే వచ్చింది, ఏడుస్తవెందుకు?"

ఆ తర్వాత వారం పాటు నేను ముగ్గు వెయ్యలేదు. ఆమె కూడా వెయ్యమనలేదు.

కొత్త సిపాయిల్ని కొనడం నాకిష్టం లేకపోయింది. ఓడిపోయింది వీళ్లే, గెలవాల్సింది కూడా వీళ్లే. కాబట్టి కొండను మొత్తం విప్పేసి, ఆ ఐదుగుర్నీ బల్ల మీద వరసగా నిలబెట్టి, సన్న రంపంతో తలలు కోశాను. అత్తమ్మ దేవుడి గదిలోంచి చూసి, శుక్రవారం పొద్దుగాల తలకాయలు తీస్తావా అని గొడవ. సెలవు దొరికిందే ఆ రోజన్నాను. ఆ మొండేలకు ఆమె చాటుగా ఒక అక్షింత వేసిందని నాకు తర్వాత తెలిసింది.

చేతులూ కాళ్లూ కూడా కీళ్ల దగ్గర కోసి, పనిలో ఉన్న మనుషుల్లా వంచి మళ్లీ అతికించాను. ఇక తలలు నేనే చెయ్యాలి. బఠానీ గింజంత తలను మైనంతో చెక్కి, దాని అచ్చు తీసి, పళ్లకు వాడే అక్రిలిక్ పోశాను. పని కొత్తది కాదు, సైజే కొత్తది. చెక్కడం వచ్చింది. ముక్కు వచ్చింది, చెవి వచ్చింది. నోరు రాలేదు. తెరిచిన నోరు చెక్కితే ఒకడు ఆవలిస్తున్నట్టుండేవాడు, ఇంకొకడు పాట పాడుతున్నట్టుండేవాడు. కొండ ఎక్కి అలిసిపోయినవాడు మాత్రం ఒక్కడూ కాలేదు. ప్లాస్టర్ అచ్చుల్లో పళ్లన్నీ ఉంటాయి కానీ ఊపిరి ఉండదు. ఊపిరి తీసుకునే నోరు నేనెప్పుడూ ఆగి చూడలేదని అప్పుడు అర్థమైంది.

మూడో అంతస్తులో ఉండటం వల్ల ఒక్క లాభం ఉంది. పైకి వచ్చేవాడు ఎవడైనా రొప్పుతూనే వస్తాడు. గ్యాస్ బండ భుజాన పెట్టుకుని వచ్చే అతన్ని తలుపు దగ్గర నిలబెట్టి, మంచినీళ్లిచ్చే నెపంతో మొహం చూసేదాన్ని. నెలకోసారి వచ్చే మనిషిని ఎంతసేపని చూస్తాం? చివరికి మా ఆయన దొరికాడు. మనిషి కొంచెం బొద్దుగా ఉంటాడు. భుజానికి పాతిక కిలోల బియ్యం సంచి ఎత్తి, కిందికి దిగి పైకి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. నేను పై మెట్టు మీద ల్యాబ్ నుంచి తెచ్చుకున్న చిన్న గుండ్రటి అద్దం, టార్చి లైటు పట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన పైకి రాగానే కదలొద్దని చెప్పి నోట్లోకి చూసేదాన్ని. చూసింది కాగితం మీద గీసుకుని, మళ్లీ ఒకసారి దిగి రమ్మనేదాన్ని.

కింది వాటాలో ఉండే అమ్మాయి రెండు మూడు ఆదివారాలు ఓర్చుకుని చూసింది. ఒకరోజు ఉండబట్టలేక పైకొచ్చింది.

"అక్కా, అన్న ఏం తప్పు జేసిండు?"

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. నేను ఇంట్లోవాడి చేత బస్తాలు మోయించి రచ్చ గెలవాలనుకున్నాను. కానీ ఆ మెట్ల మీదే నాకు కావలసింది దొరికింది. అలసటతో రొప్పే మనిషికి పైవరస పళ్లు కనపడవు. కింది పెదవి వేలాడుతుంది, కింది వరస పళ్లు కనపడతాయి, నాలుక కొంచెం ముందుకొచ్చి వాటి మీద ఆనుతుంది. పైవరస కనపడేది నవ్వినప్పుడే. బొమ్మలకు రంగులు వేసేవాళ్లందరూ నోరు అనగానే పైన ఒక తెల్ల గీత గీస్తారు. క్లబ్బులో సీనియర్లూ అంతే, సెక్రటరీ కూడా అంతే. అందుకే వాళ్ల సిపాయిలు తుపాకీ గుండు తగిలినా నవ్వుతున్నట్టే ఉంటారు. ఇది పట్టుకున్న రోజు నేను మా ఆయనకు గారెలు వండిపెట్టాను.

2011లో పోటీ జరగలేదు. ఉద్యమం జోరుమీదున్న ఏడాది. బంద్ లేని వారం లేదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు మూసి రోడ్ల మీదికొచ్చారు. ల్యాబ్‌కు అచ్చులు వచ్చే దారి లేక చాలా రోజులు ఇంట్లోనే ఉన్నాను. కింద నినాదాలు వినిపిస్తుంటే పైన బాల్కనీలో నేను నువ్వుగింజంత నోటిలోకి కుంచె పెట్టే ప్రయత్నంలో ఉండేదాన్ని. ఒక్కోసారి పని వదిలేసి పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూసేదాన్ని. అన్ని వందల నోళ్లు ఒకేసారి తెరుచుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. చూసి వచ్చి మళ్లీ కూర్చునేదాన్ని. పని ఇంకా బాగా సాగేది.

నోటి లోపల నలుపు వెయ్యకూడదని తెలుసుకున్నాను. నలుపు వేస్తే రంధ్రమవుతుంది, నోరు కాదు. ఎండు ఖర్జూరం రంగు వేసి, దాని మీద నాలుకకు పల్చటి గులాబీ, పళ్లకు పాత పేపరు రంగు. పాలల్లో నీళ్లు కలిపినంత పల్చగా రంగు కలిపి, ఒక పొర ఆరాక ఇంకో పొర. చలికి పగిలిన పెదవులకు, చెంపలకు ల్యాబ్‌లో వాడే చిగుళ్ల రంగుల్లోంచి ఒకటి ఏరుకున్నాను. కుంచె వెంట్రుకలు కత్తిరించి కత్తిరించి చివరికి రెండు మూడు మిగిల్చాను. ఐదుగురిలో ఒకడికి ముందు పన్ను కొంచెం విరగ్గొట్టాను. అందరికీ పళ్లు సరిగ్గా ఉన్న పటాలం ఎక్కడుంటుంది? ఉంటే నా ఉద్యోగం ఏమవుతుంది?

మంచుకు మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి తినే వస్తువు ఏదీ దగ్గరికి రానివ్వలేదు. కట్టుడు పళ్లను మెరుగుపెట్టే రాతిపొడిని జల్లెడ పట్టి, ప్లాస్టర్‌తో కలిపి జిగురు మీద వేశాను. పళ్లూ మంచూ ఒకలాంటివే, తెల్లగా ఉంటాయని అందరూ అనుకుంటారు, ఉండవు. నీడ పడే పక్క లేత నీలం, బూట్లు తొక్కిన చోట బూడిద, పొయ్యి దగ్గర కరిగిన చోట పసుపు. రాళ్ల అంచున గడ్డకట్టిన నీటికి రంగులేని అక్రిలిక్ చుక్కలు వేలాడదీశాను. అది చూసి అత్తమ్మ మొదటిసారి బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. వాళ్లకు చాయ్ ఎప్పుడు దొరుకుతుందని అడిగింది. అప్పటిదాకా నా కొండ మీద చాయ్ లేదు. ఆ వారమే స్టవ్వు, గిన్నె, గ్లాసులు చేశాను.

2012లో పోటీ పెట్టారు. ముగ్గురం ఆటోలో బయల్దేరాం. పీట నా ఒళ్లో. మా ఆయన చేతులు దానికి రెండు పక్కలా. అత్తమ్మ ముందే డ్రైవరుకు చెప్పింది, గతుకు వస్తే దిగి నడిపించుకుని పొమ్మని. ఆమె కొంగుముడిలో చీమల మందు సుద్దముక్క ఉంది. హాల్లోకి వెళ్లగానే పేరు నమోదు దగ్గర సెక్రటరీ నన్ను చూసి మర్యాదగా లేచి, నా చేతిలోంచి పీట అందుకుని, తీసుకెళ్లి చేతిపనుల బల్ల మీద, ఊలు కుందేలు పక్కన పెట్టేశాడు. సీనియర్ల బల్ల అన్న పంతం కాసేపు పక్కన పెట్టి, కనీసం కొత్తవాళ్ల బల్ల మీదైనా పెట్టమని అడిగాను. అది నిండిపోయిందన్నాడు. నిండలేదు, నాకు ఇక్కణ్ణించే కనపడుతోంది. నేను ఏదో అనేలోపే ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని గుమ్మం వైపు పరిగెత్తాడు.

నేను అక్కడే నిలబడి నా సిపాయిల్ని చూశాను. జనం వాళ్ల ముందే చెప్పులు విడుస్తున్నారు. రెండేళ్ల పని అది. నా కోపం సంగతి మీకు తెలుసు కదా. చిత్రంగా ఆ నిమిషంలో నాకు కోపం రాలేదు. చేతులు చల్లగా, స్థిరంగా ఉన్నాయి. పీటను రెండు చేతులతో ఎత్తుకున్నాను. మా ఆయన ముందు నడిచి దారి చేశాడు. సీనియర్ల బల్ల మీద చోటు లేదు. అత్తమ్మ అక్కడున్న ఒక పెద్ద యుద్ధ ట్యాంకు బొమ్మను, దాని పక్కనున్న సిపాయిని జానెడు పక్కకు జరిపి, జర జరుగు నాయనా అని ఆ బొమ్మతోనే చెప్పింది. అవి సెక్రటరీ చేసిన బొమ్మలు. ఆ సందులో నా కొండను దించాను. అత్తమ్మ దాని చుట్టూ సుద్దముక్కతో నింపాదిగా ఒక గీత గీసింది.

సెక్రటరీ వచ్చాడు. ఈసారి మర్యాద కొంచెం తగ్గింది. కొత్తవాళ్ల బల్ల మీద మెడల్ రానిదే సీనియర్లలో పెట్టకూడదని రూలుందన్నాడు. కొత్తవాళ్ల బల్ల అడిగితే చెప్పుల బల్ల చూపించింది ఎవరని అడిగాను. మరీ మెల్లగా అడగలేదు. హాల్లో అందరూ మా వైపు తిరిగారు. చీమల మేడం అన్న మాట ఎక్కడో మళ్లీ వినిపించింది. పక్కకు తీసేయమని సెక్రటరీ ఒక మనిషిని పిలుస్తుండగా మేజరుగారు వచ్చారు. రెండేళ్లలో ఆయన మీసం పూర్తిగా తెల్లబడింది. ఇద్దరి మాటా విని, భూతద్దం చేతిలోకి తీసుకున్నారు.

"ముందు చూడనియ్యి. చూసినంక చెప్త, ఏ బల్ల మీదుండాలెనో."

అంటే అంతా ఇప్పుడు తేలిపోతుందన్నమాట. గెలుపు సంగతి తర్వాత, ఈ బల్ల మీద ఉంటానా, చెప్పుల దగ్గరికి పోతానా.

ఆయన వంగారు. మొదట మంచు చూశారు. తర్వాత కిరోసిన్ డబ్బా వీపుకు కట్టుకుని, మోకాళ్ల మీద చేతులానించి, కొండ మీదికి అప్పుడే చేరిన సిపాయి దగ్గర ఆగారు. వాడి వెనక నుంచి తోస్తూ వచ్చినవాణ్ణి చూశారు. స్టవ్వు దగ్గర విరిగిన పన్నుతో నవ్వుతున్నవాణ్ణి, వేడి గ్లాసు మీద ఊదుతున్నవాణ్ణి, అంచున నిలబడి సగం నోరు తెరిచి దూరం చూస్తున్నవాణ్ణి, అందర్నీ చూశారు. తిరిగి మొదటివాడి దగ్గరికే వచ్చారు. ఇంకా కిందికి వంగారు.

నేను కొండను చూడటం లేదు. ఆయన మొహాన్నే చూస్తున్నాను. ఆయన కింది పెదవి మెల్లగా జారింది. నోరు తెరుచుకుంది. కింది వరస పళ్లు కనిపించాయి. చల్లటి హాల్లో, ఫ్యాను కింద నిలబడి, ఆ పెద్దమనిషి నోటితో ఊపిరి తీసుకుంటున్నారు. తనకు ఆ సంగతే తెలియదు. ఇంక ఎవరేం చెప్పినా చెప్పకపోయినా నేను గెలిచాననుకున్నాను.

ఆయన నిటారుగా లేచి, కళ్లు తుడుచుకుని, సెక్రటరీ వైపు కాకుండా నా వైపు చూసి మాట్లాడారు.

"వీడు ఇప్పుడే ఎక్కొచ్చిండు. ఇంకా మాట్లాడలేడు. ఇది ఈడనే ఉంటది."

మధ్యాహ్నం భోజనాలయ్యాక బహుమతులు చదివారు. సీనియర్ల డయోరమాల్లో మొదటి బహుమతి నాదే. రెండోది సెక్రటరీ ట్యాంకుకు వచ్చింది. నా పేరు వినగానే మా ఆయన వేలు నోట్లో పెట్టి ఈల వేశాడు. ఆయనకు ఈల వెయ్యడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అత్తమ్మ పక్కనున్న వాళ్లందరికీ, అడిగినా అడగకపోయినా, చాయ్ పెట్టమన్నది తనేనని చెప్పింది. మెడల్ మెడలో పడగానే నేను సిగ్గుపడాలనుకున్నాను, వినయంగా తల వంచుకోవాలనుకున్నాను. అవేవీ చేతకాలేదు. పళ్లన్నీ కనపడేలా నవ్వాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా లేదు, ఈ మాట మా ఆయన ముందే చెప్తాను.

జనం నా కొండ చుట్టూ మూగారు. ఒక్కొక్కరూ వంగి చూసి, నోళ్లు తెరిచి, మళ్లీ మూసుకుని లేచేవాళ్లు. నేను కాస్త పక్కకు నిలబడి ఆ తమాషా చూస్తూనే ఉన్నాను. సాయంత్రానికి హాలు పల్చబడింది. ఎవరి బొమ్మలు వాళ్లు గుడ్డల్లో చుట్టుకుంటున్నారు. అప్పుడు సెక్రటరీ తన ట్యాంకు పక్కనున్న సిపాయిని చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అతణ్ణి చూడగానే రెండేళ్లుగా నేను కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. అవి చాలా మంచి మాటలు. ఇప్పటికీ నాకు గుర్తున్నాయి.

అతను కాసేపు ఆ సిపాయిని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. మర్యాద ఏదీ మొహంలో లేదు.

"అక్కా, వీని మొహం జర చూస్తవా? ఏడ తప్పు పోయిందో నాకు సమజైత లేదు."

ఇవ్వమని చెయ్యి చాపాను. సిపాయిని నా అరచేతిలో పెట్టి, తన కుంచెల డబ్బా తెచ్చి సీనియర్ల బల్ల మీద తెరిచాడు. పై లైటు నా వైపు వంచాడు. నేను ఆ బల్ల దగ్గరికి ఒక కుర్చీ లాక్కుని, దాని మధ్యలో స్థిరంగా కూర్చున్నాను.